ఎవరికీ అక్కర్లేని ఇల్లు

పోయిన వారం మిగ్దాలియాను జడ్జి ఎదుట నిలబెట్టి మన దారిన మనం పోయాం. ఆమె పాపం అక్కడే నిలబడి ఉంది. ఆమెను కూర్చోబెట్టే ముందు, ఈ గొడవ ఎక్కడ మొదలైందో నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

సరస్సు ఒడ్డున ఉన్న లొరేన్ ఊళ్ళో ఉక్కు మిల్లు పనివాళ్ళను తీసేసిన కాలంలో మిగ్దాలియా మొగుడు ఎఫ్రాయిన్ ఉద్యోగం కూడా పోయింది. ఇంటి అప్పు వాయిదాలు నిలిచిపోయాయి. బ్యాంకు దావా వేసి గెలిచింది. ఇంటిని షెరీఫ్, అంటే జిల్లా పోలీసు పెద్ద, వేలం వేస్తాడని నోటీసు వచ్చింది. వేలం దాకా ఆగకుండా ఆ వారంలోనే మొగుడూ పెళ్ళాలు ఇల్లు ఖాళీ చేసి, ఎఫ్రాయిన్ అక్క నెరెయిదా ఉండే మేడమీది వాటాలోకి చేరారు. అక్కడే ఎఫ్రాయిన్ పోయాడు. ఇదంతా అయి ఏళ్ళు గడిచాక ఈ అక్టోబరులో మిగ్దాలియాకు మునిసిపల్ కోర్టు నుంచి పిలుపు వచ్చింది. మీ ఇంటి ముందు వరండా కూలేలా ఉంది, వచ్చి సంజాయిషీ చెప్పుకోండని. ఆ ఇల్లు నాది కాదు, బ్యాంకు తీసేసుకుందని ఆమె జడ్జికి చెప్పుకుంది. జడ్జి ఎదురుగా ఉన్న కంప్యూటరులోకి చూసి, కళ్ళద్దాలు తీసి, "లేదమ్మా, ఇల్లు ఇప్పటికీ మీదే" అన్నాడు.

మిగ్దాలియాకు మొదట నవ్వొచ్చింది. వృద్ధుల ఆశ్రమంలో దుప్పట్లు ఉతికే పని ఆమెది. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళు ఎవరి గదినో తమ గది అంటుంటే సర్దిచెప్పి పంపడం ఆమెకు అలవాటే. ఈయనకూ అలాంటిదేదో వచ్చిందనుకుంది. కానీ పక్కనున్న గుమస్తా నవ్వలేదు. జడ్జి నెమ్మదస్తుడు. ఉచిత న్యాయసాయం లాయరుతో మాట్లాడుకుని భోజనాల తర్వాత రమ్మన్నాడు. అప్పటికి రెండింట్లో ఒకటి తేల్చుకోవాలి. ఇల్లు నాదేనని ఒప్పుకుని మరమ్మతు చేయిస్తానని మాటివ్వడం ఒకటి. ఊరి మునిసిపాలిటీకి రాసిచ్చేయడం రెండోది. రాసిచ్చేస్తే ఊరు దాన్ని నేలమట్టం చేస్తుంది, మీకు ఏ బాధా ఉండదు అన్నాడు. అంతటితో మరో కేసు పిలిచారు.

బయట నడవలో బల్ల మీద నెరెయిదా కూర్చుని ఉంది. ఎఫ్రాయిన్ కంటే పెద్దది, భర్త పోయిన మనిషి. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు ఉండాల్సిందే. నోరు కత్తి. మనసు మాత్రం మెత్తనిదే, తమ్ముణ్ణీ మరదలినీ అన్నేళ్ళు తన ఇంట్లో పెట్టుకుని ఒక్క రోజు కూడా ముఖం మాడ్చుకోలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం చర్చి అయ్యాక ఒక్కతే తమ్ముడి సమాధి దగ్గరికి వెళ్ళి, వచ్చేటప్పుడు కాల్చిన కోడి ఒకటి పొట్లం కట్టించుకుని వస్తుంది. ఆ కోడి, పచ్చి కందులన్నం, ఆ రాత్రికి అదే వాళ్ళ పండగ. జడ్జి అన్న మాట చెప్పగానే నెరెయిదా గొడుగు పిడిని గట్టిగా పట్టుకుంది. మరుక్షణం తేరుకుని, రాసిచ్చేయమంది. ఇందులో ఆలోచించేదేముంది, పీడా వదుల్తుంది అంది.

ఇంతలో లాయరు ఇలోనా కోవాచ్ వచ్చింది. హంగేరీ వాళ్ళ పిల్ల, తాత కూడా అదే మిల్లులో పనిచేశాడట. నిలబడే మాట్లాడుతుంది. ఆ నిలబడ్డ చోటే ఇల్లు ఎలా పోతుందో, ఎలా పోకుండా ఉండిపోతుందో మిగ్దాలియాకు విడమర్చి చెప్పింది. వాయిదాలు ఆగితే బ్యాంకు నోటీసు ఇస్తుంది. తర్వాత కోర్టుకెక్కుతుంది. కోర్టు తీర్పిస్తుంది. వేలానికి తేదీ వేస్తారు. షెరీఫ్ వేలం పాడిస్తాడు. ఆ పాటను జడ్జి ఖాయం చేయాలి. ఆ తర్వాతే కొన్నవాడి పేర దస్తావేజు రాస్తారు. ఆ ఆఖరి మెట్టు దాకా ఇల్లు మీదే, మిమ్మల్ని బయటికి పొమ్మనే హక్కు ఎవరికీ లేదు అంది.

"పెళ్ళిచూపులు అయినంత మాత్రాన పెళ్ళయినట్టు కాదు కదండీ. మీరు పెళ్ళిచూపులకే సారె సర్దుకుని వెళ్ళిపోయారు."

మిగ్దాలియా తనలో తాను వాదించుకుంది. నోటీసు వచ్చాక వెళ్ళక ఏం చేస్తారు? ఆ కాలంలో వాళ్ళ వీధిలో ఎంతమంది వెళ్ళిపోలేదు! ఎదురింటి వాళ్ళు ఆఖరి దాకా ఉన్నందుకు ఏమైందో అందరూ చూశారు. షెరీఫ్ మనుషులు వచ్చి మంచాలూ గిన్నెలూ గడ్డి మీద గుట్ట పోశారు. ఆ గుట్ట మీద మేరీమాత బొమ్మ వెల్లకిలా పడి వానలో తడిసింది. చర్చికి పోయేవాళ్ళంతా చూసుకుంటూ పోయారు. ఆ బొమ్మను చూసిన రోజే మిగ్దాలియా, మన గడప మీద మాత్రం ఇది జరగకూడదు అని ఎఫ్రాయిన్ చేత ఒట్టు వేయించుకుంది. నోటీసు రాగానే ముందు తమ మేరీమాతను దుప్పట్లో చుట్టి కారెక్కించింది. ఇల్లంతా కడిగింది. పాత చీపురు కొత్త ఇంటికి తీసుకెళితే పాత దరిద్రమూ వెంట వస్తుందంటారు గనక దాన్ని వంటింటి తలుపు వెనకే వదిలేసింది. తాళాలు బ్యాంకులో ఇచ్చిరావడానికి కాళ్ళు రాలేదు. ఆ పని నెరెయిదాకు అప్పజెప్పింది. పరువుగా వెళ్ళామని ఇన్నేళ్ళూ ఆ ఒక్కదాన్ని చూసుకునే ధైర్యం తెచ్చుకుంటూ వచ్చింది.

"మరి వేలం ఏమైంది?" అని అడిగింది చివరికి.

అది బ్యాంకు మనిషినే అడుగుదాం రమ్మని ఇలోనా ఆమెను కాఫీ మిషను దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ పొడుగాటి మనిషి ఒకాయన చంకలో కాగితాల కట్టతో నిలబడి చిల్లర వెతుక్కుంటున్నాడు. బ్యాంకు తరఫు లాయరు. ఆ ఊళ్ళో బ్యాంకు కేసులన్నీ ఆయనే చూస్తాడు. దుర్మార్గుడేం కాదు. ఎదుటి మనిషి ఏడిస్తే జేబులోంచి రుమాలు తీసి ఇచ్చే రకమే. ఇలోనా ఇంటి నంబరు చెప్పగానే గుర్తుపట్టాడు. అలాంటివి తన దగ్గర ఇంకా చాలా ఉన్నాయన్నాడు.

మిగ్దాలియా చుట్టూ తిప్పి మాట్లాడే మనిషి కాదు. "అయ్యా, మీ ఇల్లు మీరు తీసేసుకోండి. అప్పట్లో తీసుకుంటామన్నారుగా" అంది.

"మాకొద్దమ్మా" అన్నాడాయన.

తిట్టు మాట ఒక్కటి లేదు. గొంతు కూడా పెంచలేదు. కాఫీలో చక్కెర వద్దన్నట్టు అన్నాడు. మిగ్దాలియాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఏ ఇంటి కోసం ఎఫ్రాయిన్ రెండేసి షిఫ్టులు చేశాడో, ఏ ఇల్లు పోతుందని రాత్రిళ్ళు పక్క మీద లేచి కూర్చునేవాడో, ఆ ఇల్లు బ్యాంకుకి కూడా అక్కర్లేదట.

ఆయన కారణం చెప్పాడు. ఆ ఏడాది ఆ వీధిలో ఇళ్ళ ధరలు పాతాళానికి పడిపోయాయి. వేలం ఖర్చులు, పన్నులు, పాడుబడితే పడగొట్టే ఖర్చు అన్నీ కూడి చూస్తే ఇల్లు చేతికి రావడం కంటే రాకపోవడమే లాభమని పైవాళ్ళు తేల్చారు. వేలం తేదీకి ముందే మానుకున్నారు. ఆ సంగతి తెలియజేస్తూ మీకు ఉత్తరం కూడా పంపామన్నాడు.

"ఎక్కడికి పంపారు?"

"మీ ఇంటికే."

అప్పటికి ఆ ఇంట్లో చీపురు తప్ప ఎవరూ లేరు.

అయితే అప్పు తీరినట్టేనా అని మిగ్దాలియా అడిగింది. లేదన్నాడు. అప్పు అలాగే ఉంది. ఇంటి మీద బ్యాంకు హక్కూ అలాగే ఉంది. మళ్ళీ ఎప్పుడైనా దావా తిరగదోడుకోవచ్చు. తిరగదోడకపోవచ్చు కూడా. ఇల్లు వాళ్ళకు వద్దు, ఈమెను వదలనూ వదలరు. వరండా కూలితే జరిమానా ఈమెకు, గడ్డి పెరిగితే జరిమానా ఈమెకు. అప్పు ఎగ్గొట్టిందన్న పేరు కూడా ఈమెకే ఉండిపోయింది. ఆ పేరు వల్లే కదా ఇన్నేళ్ళుగా తన పేర చిన్న అద్దె వాటా కూడా దొరక్క ఆడపడుచు పంచన పడి ఉండాల్సి వచ్చింది! కుడితిలో పడ్డ ఎలుక బతుకంటే ఇదేనేమో అనుకుంది మిగ్దాలియా.

ఇలోనా ఏవో కాగితాలు తిరగేస్తూ, నాకు ఒక్కటే అంతు చిక్కడం లేదంది. ఇన్నేళ్ళుగా ఇంటి పన్ను బాకీ లేదు. ఉంటే జిల్లావాళ్ళే ఎప్పుడో ఇంటిని లాక్కునేవాళ్ళు. మీరే కడుతున్నారా అని బ్యాంకు లాయరును అడిగింది. వద్దనుకున్న ఇంటికి మేమెందుకు కడతామని ఆయన భుజాలెగరేశాడు. అంతలో వెనక నుంచి నెరెయిదా వచ్చింది. పొద్దుట్నుంచి మా మరదలు మెతుకు ముట్టలేదు, కళ్ళు తిరిగి పడితే మీరు చూస్తారా అని ఇద్దరు లాయర్లనూ కలిపి కసిరి, మిగ్దాలియాను రెక్క పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కుపోయింది. సంచిలోంచి రొట్టె, జున్ను తీసి చేతిలో పెట్టింది. పన్ను సంగతి అక్కడే ఆగిపోయింది.

మిగ్దాలియా రొట్టె తినలేదు. లేచి మళ్ళీ ఇలోనా దగ్గరికే వెళ్ళింది.

"ఒక్క మాట చెప్పండి. మేం వెళ్ళకుండా ఆ ఇంట్లోనే ఉండి ఉంటే ఏమయ్యేది?"

ఇలోనా చేతిలో కాగితాలు మడిచింది. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు చేతకాదు. "ఏమీ అయ్యేది కాదండీ. మిమ్మల్ని ఎవరూ కదిలించేవాళ్ళు కాదు" అంది.

ఎఫ్రాయిన్ ఆఖరి చలికాలమంతా నెరెయిదా ముందుగదిలో, మడతపెట్టే సోఫా మీద పడుకున్నాడు. కాళ్ళు చాపితే అంచు దాటిపోయేవి. ఒక రోజు మన వీధి మీదుగా ఒక్కసారి పోనివ్వు, ఇంటిని చూసుకుంటానని అడిగాడు. పరాయివాళ్ళు దిగిన ఇంటిని చూసి మరీ కుంగిపోతాడని మిగ్దాలియా కారు వేరే దారిన పోనిచ్చింది. అతను ఇంకేం అడగలేదు. ఆ ఇంట్లో కిటికీ పక్కన అతని మంచం వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని అప్పుడు ఒక్కరైనా చెప్పి ఉంటే! మిగ్దాలియాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బ్యాంకు మీద సగం, మిగతా సగం తన మీద తనకే. నలుగురూ చూస్తారన్న భయంతో మొగుణ్ణి సొంత ఇంట్లో చావనివ్వలేదే అని గుండె రగిలిపోయింది.

నెరెయిదా మళ్ళీ అందుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదంది. మరమ్మతంటే మాటలా, ఉతికే జీతంతో వరండా లేపుతావా అంది. రాగి గొట్టాలు కూడా దొంగలు పీక్కుపోయి ఉంటారు, లోపల ఎలుకలూ బూజూ తప్ప ఏముంటుంది అంది. చూస్తే గుండె పగులుతుంది, అసలు ఆ వైపే వెళ్ళొద్దంది. ఆమె చెప్పిన వాటిలో అబద్ధమని తోసేయదగ్గది మిగ్దాలియాకు ఒక్కటీ కనబడలేదు.

చివరికి నెరెయిదా ఆమె చెయ్యి పట్టుకుంది. "మిగ్దా, నా మాట విను. ఆ ఇల్లు మా తమ్ముణ్ణి మింగింది. ఇప్పుడు నువ్వు కూడా కావాలా దానికి?"

ఆ మాటకు మిగ్దాలియా మెత్తబడింది. నిజం చెప్పాలంటే భోజనాల తర్వాత జడ్జి ముందుకు వెళ్ళేటప్పుడు ఆమె రాసిచ్చేద్దామనే వెళ్ళింది. ఇలోనాకు కూడా అదే చెప్పింది. ఇలోనా కాగితం సిద్ధం చేసి, కలం మూత తీసి చేతికిచ్చింది.

కాగితం మీద మొట్టమొదట ఇంటి యజమానుల పేర్లు ఉన్నాయి. ఎఫ్రాయిన్ కీలెస్, మిగ్దాలియా కీలెస్. ఎఫ్రాయిన్ పేరును ఆమె చివరిసారి అచ్చులో చూసింది చావు ప్రకటనలో. ఇక్కడ అతను ఇంకా ఇంటి యజమాని. ఆ సంగతి తెలియకుండానే అతను పోయాడు. ఆమె కలం బల్ల మీద పెట్టేసింది.

జడ్జి ఏమంటారమ్మా అని అడిగాడు.

"ఇల్లు నాదేనండీ. గడువివ్వండి, వరండా బాగు చేయిస్తాను" అంది మిగ్దాలియా.

వెనక బల్లల్లో నెరెయిదా గొడుగు టప్పున కింద పడింది. జడ్జి గడువిచ్చాడు. మళ్ళీ వాయిదా నాటికి కనీసం వరండాకు ఊతకర్రలైనా కనబడాలి, లేకపోతే జరిమానా తప్పదని గట్టిగానే చెప్పాడు. బయటికొచ్చాక ఇలోనా, సంతోషపడటం తొందరపాటు, బ్యాంకు ఏ రోజైనా నిద్ర లేవచ్చు, దాంతో రాజీకి నేను మాట్లాడి చూస్తానంది. మిగ్దాలియా తలూపింది గానీ ఆమె చెవికి అవేవీ ఎక్కలేదు. ఆడపడుచు వైపు తిరిగి, "వదినా, ఇంటికి పోనియ్యి" అంది.

నెరెయిదా తమ వాటా వైపే కారు తిప్పింది.

"ఆ ఇంటికి కాదు వదినా. నా ఇంటికి."

దారి పొడుగునా నెరెయిదా పెదవి విప్పలేదు. ఆమె నోరు మూసుకుని కారు నడపడం మిగ్దాలియా ఎన్నడూ చూడలేదు. ఎదురొచ్చిన ప్రతి కారునూ తిట్టే మనిషి ఆమె. తమ్ముడు గుర్తొచ్చాడేమో పాపం అనుకుంది. సరస్సు మీది నుంచి చలిగాలి వీస్తోంది. మిల్లు పొగగొట్టాలు దాటాక మిగ్దాలియాకు ఒక సందేహం వచ్చింది.

"తాళాలు బ్యాంకు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి కదా వదినా. తలుపెలా తీస్తాం?"

నెరెయిదా విననట్టే ఊరుకుంది. వీధిలోకి పోకుండా ఇళ్ళ వెనకుండే సందు మొదట్లోనే కారు ఆపేసింది. మోకాలు నొప్పిగా ఉంది, నువ్వు చూసి రా అంది.

మిగ్దాలియా నడుచుకుంటూ వీధివైపు వెళ్ళి ఇంటి ముందు నిలబడింది. కోర్టువాళ్ళ ఫొటోల్లో ఉన్నట్టే ఉంది. వరండా కప్పు ఒక పక్కకు ఒరిగింది. కిటికీలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. చూస్తే గుండె పగులుతుందని వదిన అన్నమాట నిజమే అనుకుంది. అయినా వచ్చింది గనక పెరడు కూడా చూసిపోదామని గోడ పక్క నుంచి వెనక్కి నడిచింది.

వెనక గడ్డి లేదు. గోడ వారగా రంగు డబ్బాల్లో రెకావ్ ఆకు గుబురుగా పెరిగి ఉంది. కొత్తిమీరకు పెద్దక్కలాంటి వాసన దానిది. మిగ్దాలియా లాంటి ప్యూర్టోరికో వాళ్ళకు కూరలో అది లేనిదే ముద్ద దిగదు. ఈ చలిదేశంలో డబ్బాల్లో పెట్టి, రాత్రిళ్ళు లోపలికి తెచ్చి బతికించుకోవాలి. దండెం మీద చిన్నపిల్లల లాగులు ఆరుతున్నాయి. వంటింటి కిటికీకి పూల తెర ఉంది. లోపల నుంచి కందులన్నం పోపు వాసన వస్తోంది. మిగ్దాలియా ఇది మరెవరి పెరడో అనుకుని ఒక్క క్షణం తడబడింది. తలుపు మీద నొక్కు చూసింది. ఎఫ్రాయిన్ ఫ్రిజ్ లోపలికి తెస్తూ చేసిన నొక్కే అది.

తలుపు కొట్టింది. చంకలో పిల్లతో ఒక పడుచు తలుపు సగం తీసి భయంగా చూసింది. స్పానిష్‌లో పలకరించేసరికి కాస్త కుదుటపడింది. తుఫానుకు ప్యూర్టోరికో ద్వీపంలో ఇల్లు కొట్టుకుపోతే ఇక్కడికి వచ్చామంది. ఇంటావిడ చాలా మంచిదట. అద్దె తక్కువే తీసుకుంటుందట. ఒకటే షరతు పెట్టిందట, వీధి తలుపు తీయొద్దు, ముందువైపు దీపం పెట్టొద్దు, ఎవరైనా చూస్తే బ్యాంకువాళ్ళు అందరినీ గెంటేస్తారని.

"ఇంటావిడెవరు?" అని మిగ్దాలియా అడిగింది.

ఆ పిల్ల సమాధానం చెప్పబోతూ ఆమె భుజం మీదుగా కంచె అవతలికి చూసింది. సందు మొదట్లో ఆగి ఉన్న కారును గుర్తుపట్టి ముఖం విప్పారింది. అదిగో ఆవిడే అంది. ఎప్పుడూ నెల మొదటి ఆదివారం చర్చి కాగానే గొడుగేసుకుని వస్తుందే, ఇవాళ మధ్యలో వచ్చిందేమిటని ఆశ్చర్యపోయింది.

మిగ్దాలియా వెనక్కి తిరిగి చూసింది. కారులో నెరెయిదా స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని ఉంది. ఇటు చూడటం లేదు.

ఆ పిల్ల లోపలికి వెళ్ళి మడిచిన కవరు ఒకటి పట్టుకొచ్చింది.

"మీరు ఆమెతోనే వచ్చినట్టున్నారు కదక్కా. పిల్లను దించి నేను అంతదూరం రాలేను. ఈ అద్దె కాస్త ఇంటావిడకి ఇచ్చేస్తారా?" అంటూ ఆ కవరు మిగ్దాలియా చేతిలో పెట్టింది.